కార్ల కంపెనీ దివాలా తీస్తే పెన్షన్‌కు పూచీ ఎవరు?

ప్రశ్న: మా అన్నయ్య అమెరికాలో, మిషిగన్‌లోని ఒక కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజినీరు. ఇరవై ఏళ్లు దాటిన సర్వీసు. కంపెనీ ఈమధ్య చాప్టర్ 11 (కంపెనీని నడుపుకుంటూనే అప్పులు సర్దుకునే పద్ధతి) కింద దివాలా పిటిషన్ వేసింది. "యూనియన్ వాళ్లకేం ఫర్వాలేదు, మునిగేది మాలాంటి స్టాఫే" అంటున్నాడు. నిజమేనా? పెన్షన్ పోయినట్టేనా? అదే మన దగ్గరైతే ఏం జరుగుతుంది?

జవాబు: మీ అన్నయ్య మాటలో సగం నిజముంది. ఆ సగం డెల్ఫీ కంపెనీ విషయంలో అక్షరాలా జరిగింది.

డెల్ఫీ ఒకప్పుడు జనరల్ మోటార్స్‌లో భాగం. 1999లో విడిపోయింది, 2005 అక్టోబరులో దివాలా కోర్టుకెక్కింది. 2009 జులైలో దాని ఆరు పెన్షన్ పథకాలను పీబీజీసీ అనే ప్రభుత్వ పెన్షన్ బీమా సంస్థ స్వాధీనం చేసుకుంది. దాదాపు 70 వేల మంది వ్యవహారం అది. పీబీజీసీ బీమా ఇస్తుంది గానీ దానికో పరిమితి ఉంది. ఆ ఏడాది లెక్క ప్రకారం 65 ఏళ్లకు పెన్షన్ మొదలయ్యేవారికి నెలకు గరిష్ఠంగా 4,500 డాలర్లు. 55 ఏళ్లకే మొదలైతే 2,025 డాలర్లే. యాభైల్లోనే రిటైరైన డెల్ఫీ స్టాఫ్ ఉద్యోగుల్లో కొందరికి రావలసినదాంట్లో 70 శాతం దాకా కోత పడింది.

కోత యూనియన్ వర్కర్లకూ పడాల్సిందే. పడలేదు. ఎందుకంటే విడిపోయేటప్పుడే వాళ్ల యూనియన్ యూఏడబ్ల్యూ ముందుచూపుతో జనరల్ మోటార్స్ చేత రాయించుకుంది, డెల్ఫీ పెన్షన్ ఇవ్వలేకపోతే ఆ తేడా మీరు భరించాలని. 2009లో ప్రభుత్వ సొమ్ముతో నిలబడిన కొత్త జనరల్ మోటార్స్ ఆ మాట నిలబెట్టుకుంది. స్టాఫ్‌కు యూనియన్ లేదు, అలాంటి కాగితమూ లేదు. వాళ్లు కోర్టులో ఏళ్ల తరబడి పోరాడారు. 2020లో అప్పీలు కోర్టు పీబీజీసీ వైపే తీర్పిచ్చింది. 2022 జనవరిలో సుప్రీంకోర్టు ఆ కేసు వినడానికే ఒప్పుకోలేదు. పక్కపక్క బల్లల మీద పనిచేసినవాళ్లలో ఒకరికి పూర్తి పెన్షన్, ఇంకొకరికి ముక్క. ఇది న్యాయమా అంటే నేను కాదనే అంటాను. చట్టప్రకారం మాత్రం చెల్లింది.

ఇక మిగతా సగం. యూనియన్ ఒప్పందం దివాలా కోర్టులో ఇనుప కవచమేమీ కాదు. ఒప్పందాన్ని కంపెనీ తిరస్కరించవచ్చని 1984లో బిల్డిస్కో కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. కార్మికులు గగ్గోలు పెడితే అదే ఏడాది అమెరికా చట్టసభ కాంగ్రెస్ దివాలా చట్టంలో 1113 సెక్షన్ చేర్చింది. ఇప్పుడు కంపెనీ ముందు తన ప్రతిపాదన యూనియన్ ముందుంచాలి, లెక్కలు చూపాలి, కూర్చుని మాట్లాడాలి. యూనియన్ సరైన కారణం లేకుండా కాదంటేనే కోర్టు ఒప్పందం రద్దుకు అనుమతిస్తుంది. రిటైరైనవారి ఆరోగ్య బీమాకు ఇలాంటి రక్షణే 1988లో 1114 సెక్షన్‌గా వచ్చింది. అంతకు రెండేళ్ల ముందు ఎల్‌టీవీ అనే ఉక్కు కంపెనీ దివాలాకు వెళ్తూనే వేలాది పెన్షనర్ల వైద్య బీమా ఆపేసింది.

జనరల్ మోటార్స్ 2009 జూన్ 1న దివాలా కోర్టుకెక్కి, 40 రోజుల్లో కొత్త కంపెనీగా బయటికొచ్చింది. వర్కర్ల పెన్షన్ నిలిచింది. కానీ రిటైరైనవారికి పళ్లు, కళ్ల వైద్యానికి బీమా పోయింది. 2015 దాకా సమ్మె చేయబోమని యూనియన్ ఒప్పుకోవాల్సి వచ్చింది. పెన్షనర్ల వైద్య ఖర్చు మోసే ట్రస్టుకు నగదులో కొంత బదులు కొత్త కంపెనీలో 17.5 శాతం వాటా అంటగట్టారు. ఇది "ఏం ఫర్వాలేదు" అనదగ్గ స్థితి కాదు.

అసలు పీబీజీసీ పుట్టిందే కార్ల కంపెనీ దెబ్బకు. 1963 డిసెంబరులో స్టూడ్‌బేకర్ ఇండియానాలోని సౌత్ బెండ్ ప్లాంటు మూసేస్తే, 40 నుంచి 59 ఏళ్ల మధ్య ఉన్న దాదాపు 4 వేల మందికి వాళ్లు సంపాదించుకున్న పెన్షన్‌లో 15 శాతం మాత్రమే చేతికందింది. చిత్రమేమిటంటే ఆ కంపెనీ దివాలా కూడా తీయలేదు. ఆ తర్వాత పదకొండేళ్లకు గానీ, 1974లో, పీబీజీసీని పుట్టించిన ఎరిసా చట్టం రాలేదు.

మీ అన్నయ్య ఇప్పుడు చేయాల్సింది తనకున్నది ఏ రకం పెన్షనో తేల్చుకోవడం. నెలనెలా ఇంత ఇస్తామన్న పాత పద్ధతి పెన్షన్ అయితే పీబీజీసీ బీమా ఉంటుంది. పథకం సారాంశపు పుస్తకం, నిధి ఎంత నిండిందో చెప్పే వార్షిక నోటీసు రాతపూర్వకంగా అడిగి తెప్పించుకోమనండి. 401(కె) అనే రిటైర్మెంట్ పొదుపు ఖాతా అయితే ఆ డబ్బు వేరే ట్రస్టులో ఉంటుంది, కంపెనీకి అప్పిచ్చినవాళ్లు ముట్టుకోలేరు. అందులో సొంత కంపెనీ షేర్లు మాత్రం పెట్టుకుని ఉంటే అవి చిత్తుకాగితాలయ్యే ప్రమాదముంది. పెద్ద హోదాలవారికి అదనంగా ఇస్తామనే పెన్షన్‌కు బీమా లేదు. అది మామూలు అప్పుల వరసలో చేరుతుంది. ఆరోగ్య బీమాకు పీబీజీసీ పూచీ లేదు. జీతం బాకీ ఉంటే, పిటిషన్‌కు ముందు 180 రోజుల్లోది 17,150 డాలర్ల దాకా ప్రాధాన్యంతో చెల్లించాలి (2025 ఏప్రిల్ 1 నుంచి దాఖలైన కేసులకు). దానికి క్లెయిం వేసే ఆఖరి తేదీ కోర్టు నోటీసులో ఉంటుంది. ఆ కవరును ప్రకటన కాగితమనుకుని పక్కన పడేయవద్దు.

మన దగ్గర? 2016 దివాలా స్మృతిలోనూ ఈ వర్కరు, స్టాఫ్ తేడా ఉంది. కంపెనీని లిక్విడేషన్‌లో అమ్మితే, వర్కర్లకు 24 నెలల బాకీ, తాకట్టు వదులుకున్న బ్యాంకులతో సమానంగా వస్తుంది. మేనేజరు లాంటివారికి 12 నెలలదే, అదీ వాళ్ల తర్వాత. పీఎఫ్, పెన్షన్, గ్రాట్యుటీ నిధులు మాత్రం అమ్మకపు సొమ్ములో కలవవు. 36వ సెక్షన్ వాటిని పక్కన పెట్టింది. జెట్ ఎయిర్‌వేస్ అనే విమానయాన సంస్థ దివాలా కేసులో బాకీ పడ్డ పీఎఫ్, గ్రాట్యుటీ కొత్త యజమాని పూర్తిగా కట్టాల్సిందేనని 2022లో అప్పీలు ట్రిబ్యునల్ అంది, 2023 జనవరిలో సుప్రీంకోర్టు సరేనంది. ఉద్యోగులు గెలిచారు గానీ కొత్త యజమాని డబ్బు తేలేక, 2024 నవంబరులో సుప్రీంకోర్టే ఆ సంస్థను లిక్విడేషన్‌కు పంపింది.

కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లాక లేబర్ కోర్టులో కేసులు ఆగిపోతాయి. కాబట్టి పేపర్లో ప్రకటన కనబడగానే, అందులోని గడువులోపు, దివాలా ప్రక్రియ నడిపే రిజల్యూషన్ ప్రొఫెషనల్‌కు ఫారం డి ఇవ్వాలి. అందరి తరఫున యూనియన్ ప్రతినిధి ఇస్తే ఫారం ఇ వాడాలి. యూనియనే పిటిషన్ వేయవచ్చని 2019లో జేకే జూట్ మిల్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇంకో సంగతి, ఇది కంపెనీ బాగున్నప్పుడే చూసుకోవాల్సింది: జీతంలో కోసిన పీఎఫ్ నిజంగా జమ అవుతోందా అని పాస్‌బుక్కులో నెలనెలా చూడండి. కోసి కట్టకపోతే అది నేరపూరిత నమ్మకద్రోహం. జీతం చీటీలు, బ్యాంకు స్టేట్‌మెంటు జతచేసి పీఎఫ్ ప్రాంతీయ కార్యాలయంలో ఫిర్యాదు ఇవ్వవచ్చు. కంపెనీ సొంతంగా పీఎఫ్ ట్రస్టు నడుపుతుంటే ఇంకా జాగ్రత్త, దాని ఖాతాల వివరాలు ఏటా అడిగి పుచ్చుకోండి.