ఎన్కోసి జాన్సన్

దక్షిణాఫ్రికా దేశమున 1989వ సంవత్సరము ఫిబ్రవరి 4వ తేదీన ఒక బాలుడు జన్మించెను. అతని పేరు ఎన్కోసి. తల్లి రక్తమునందున్న హెచ్.ఐ.వి. అను వైరసు పుట్టుకతోనే అతనికిని సంక్రమించెను. ఈ వైరసు శరీరమునకు గల రోగనిరోధకశక్తిని క్రమక్రమముగా హరించును. చికిత్స లేక అది ముదిరిన స్థితినే ఎయిడ్సు అందురు.

తల్లియు రోగగ్రస్తురాలే. బిడ్డను పెంచు శక్తి ఆమెకు లేకపోయెను. గెయిల్ జాన్సన్ అను దయామయి అతనిని పసితనముననే తన యింటికి గొనిపోయి కన్నబిడ్డవలె సాకెను. 1997లో కన్నతల్లి మరణించెను.

ఆ యేడే ఎన్కోసిని బడిలో చేర్పింపవలసి వచ్చెను. బిడ్డకు వ్యాధి యేమైనను కలదా యని దరఖాస్తులో ఒక ప్రశ్న యుండెను. గెయిల్ సత్యమును దాచలేదు. అంతట పెద్ద వివాదము చెలరేగెను. తల్లిదండ్రులలో కొందరు చేర్చుకొనుడనిరి, కొందరు వలదనిరి. ఎనిమిదేండ్ల బాలుడు బడి తలుపు తెరచుకొనునా యని వేచియుండెను.

వారి భయమునకు ఆధారము కలదా? లేదు. చేయి పట్టుకొనినను, ఒకే బల్లపై కూర్చుండినను, కలసి భుజించినను, ఆడుకొనినను హెచ్.ఐ.వి. అంటదు. ఈ సంగతిని పెద్దలకు తెలియజెప్పుటకు ఆ బడిలో సమావేశములు జరిగెను. తుదకు ఎన్కోసికి చోటు లభించెను. అట్టి పిల్లలకు బడిలో ప్రవేశము నిరాకరింపరాదని 1999లో ఆ దేశ ప్రభుత్వము విధానము ప్రకటించెను. ఆ యేడే, వ్యాధిగ్రస్తులైన తల్లులును వారి బిడ్డలును ఎడబాయక జీవించుటకై ఎన్కోసి పేర ఒక ఆశ్రయము వెలసెను.

2000 జూలైలో డర్బన్ నగరమున అంతర్జాతీయ ఎయిడ్సు మహాసభ జరిగెను. పదకొండేండ్ల ఎన్కోసి వేలాది ప్రతినిధుల యెదుట నిలిచి, గర్భవతులకు మందులిచ్చి బిడ్డలను కాపాడుడని ప్రభుత్వమును కోరెను. తమ్ము జూచి భయపడవలదని, తామును అందరివంటి మనుష్యులమేయని విన్నవించెను. 2001 జూన్ 1వ తేదీన, పండ్రెండేండ్ల ప్రాయమున, అతడు కన్నుమూసెను.

వైరసును అణచు మందులు 2004 నుండి దక్షిణాఫ్రికా ప్రభుత్వ వైద్యశాలలలో లభింపసాగెను. మన దేశమునను ఆ సంవత్సరముననే ఉచిత చికిత్స ఆరంభమైనది. ప్రతిదినము తప్పక మందు సేవించు పిల్లలు నేడు చదువుకొని, ఆటలాడి, పెరిగి పెద్దవారగుచున్నారు. గర్భవతి సకాలమున చికిత్స పొందినచో బిడ్డకు ఈ వైరసు సోకుట మిక్కిలి అరుదు. హెచ్.ఐ.వి. కారణముగా ఎవరికిని విద్యను నిరాకరింపరాదనియు, అనుమతి లేక వారి రహస్యమును వెల్లడింపరాదనియు మన పార్లమెంటు 2017లో చట్టము చేసినది.

బాలబాలికలారా! మందు ప్రభుత్వము ఇచ్చును. రక్షణ చట్టము ఇచ్చును. కాని భోజనవేళ పిలుపును, ఆటలో పాలును, బల్లపై పక్కచోటును ఇయ్యవలసినవారు తోడి విద్యార్థులే. ఇవి లేనిదే బ్రదికియున్నను బాల్యము లేనట్లే. ఎన్కోసి కోరినది ఇంతియే.