పన్నెండాకుల చక్రం

ఎడ్లబండి చక్రంలో మేకు ఉండదు, జిగురు ఉండదు. నడుమ ఒక కుండ, దాని చుట్టూ పన్నెండు ఆకులు, ఆకుల కొసన ఆరు పూటీలు, అన్నిటినీ బిగించే ఒక ఇనప పట్టా. ఇంతే. దీని మీద పుట్టెడు ధాన్యం వేసుకుని ఎడ్లు మునేరు ఇసకలో దిగి అవతలి ఒడ్డుకెక్కేవి.

మా నాన్న పెనుగంచిప్రోలు చుట్టుపక్కల మునేటి ఒడ్డు ఊళ్లకు ఈ చక్రాలు చేశాడు. ఆయన పోయాక పెద్దకర్మ కార్డు మీద “కష్టజీవి, కుటుంబం కోసమే బతికిన మనిషి” అని వేయించాం. అది నిజమే. కానీ ఆ కార్డు చదివిన మనవలకు ఆయన ఏం చేసేవాడో తెలియదు. ఆ పని మొదలు నుంచీ చెప్పుకొస్తే ఆయన ఎలాంటివాడో దానంతట అదే తెలుస్తుందని నా నమ్మకం.

పని చెట్టు దగ్గర మొదలవుతుంది. కుండకూ పూటీలకూ నల్లతుమ్మ. ఆకులకు చిరుమాను, లేదంటే బాగా ముదిరిన తుమ్మ. బండి నొగలకు నల్లమద్ది. నందిగామ, జగ్గయ్యపేట మెట్ట పొలాల గట్ల మీద తుమ్మకు కొదవ ఉండేది కాదు. నాన్న ఏ పని మీద పొలాలకు వెళ్లినా కొమ్మల వంపులు చూసుకుంటూ నడిచేవాడు. పూటీకి కావలసిన వంపు కొమ్మకే ఉంటే చెక్కలో పోగు తెగదు. తిన్నటి మొద్దులోంచి వంపు కోస్తే పోగు అడ్డంగా తెగుతుంది, బరువు పడ్డ రోజున సరిగ్గా అక్కడే విరుగుతుంది. అందుకని రైతులతో ముందే చెప్పి పెట్టేవాడు: “బాబాయి గారూ, ఈ కొమ్మ నరకమాకండి. రెండేళ్లు ఆగితే పూటీకొస్తుంది.”

కొట్టిన మొద్దుల్ని మడుగులోనో చెరువులోనో ఊరవేయాలి. కొన్ని నెలలు నీళ్లలో ఉంటే పసరు దిగిపోయి పురుగు పట్టకుండా ఉంటుంది. తర్వాత నీడపట్టున ఆరబెట్టాలి. ఎండలో పడేస్తే పైన ఆరి లోపల తడి మిగులుతుంది, మొద్దు నెర్రెలిస్తుంది. కుండకు వాడే మొద్దయితే ఆరడానికి ఏడాది పైనే పడుతుంది. అంటే వచ్చే మాఘ పున్నమికి, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి తిరునాళ్లకు బండి కావాలంటే, కిందటి తిరునాళ్లకు ముందే చెట్టు కొట్టి ఉండాలి. ఎకరం భూమి లేని ఇంటికి ఇది పెద్ద పెట్టుబడి. నాగలికీ గొర్రుకూ కాడికీ చేసిన పనికి రైతులు కోతలయ్యాక కళ్లంలో మేర కొలిచేవాళ్లు. ఆ గింజలే మాకు ఏడాది తిండి. కొత్త చక్రాలకు విడిగా డబ్బిచ్చేవాళ్లు గాని, అది బండి తోలుకెళ్లే రోజున. అందాకా మొద్దుల ఖరీదు కోసం మా అమ్మ చేతి గాజులు తాకట్టులో ఉండేవి. గాజులు విడిపించుకుని వచ్చిన రోజున నాన్న తానే అమ్మ చేతికి తొడిగేవాడు, మా ముందే.

ఇక కుండ. మొద్దును బాడిశతో గుండ్రం చేసి, తరిమెన పట్టి నునుపు తీస్తారు. రెండు అంచులకూ ఇనప కట్లు వేస్తారు, ఆకులు దిగగొట్టేటప్పుడు పగలకుండా. తర్వాతది కొలత పని. పన్నెండు ఆకులకు పన్నెండు బెజ్జాలు సమాన దూరంలో రావాలి. నాన్న పలక పట్టింది కొద్ది కాలమే. కోణాలు, డిగ్రీలు ఆయనకు తెలియవు. కైవారం ఎంత చాపి వలయం గీశాడో అంతే చాపుతో ఆ గీత మీద అడుగులు వేసుకుంటూ పోయేవాడు. సరిగ్గా ఆరో అడుగుకు బయలుదేరిన చోటికే చేరుతుంది. ఒక్కో భాగాన్ని రెండు చేస్తే పన్నెండు. హైస్కూలు జామెట్రీలో దీన్ని నిరూపించమన్నప్పుడు, మా వాకిట్లో రోజూ జరిగేదాన్ని నిరూపించడమెందుకో నాకు అర్థం కాలేదు.

బెజ్జాన్ని ముందు బరమాతో తొలిచి, ఉలితో చదరం చేస్తారు. ప్రతి బెజ్జమూ కుండ నడిమధ్యకే చూడాలి. ఒక్కటి రవ్వంత పక్కకు చూసినా ఆకు వాలుతుంది, చక్రం ఊగుతుంది, ఎద్దు మెడ పుండవుతుంది. చక్రం బాగోగుల్ని నాన్న ఎద్దు మెడ మీదే చూసేవాడు. బండి ఇచ్చిన కొన్నాళ్లకు ఆ రైతు ఇంటి మీదుగా వెళ్లి, కొష్టంలోకి దూరి, ఎడ్ల మెడలు తడిమి వచ్చేవాడు.

ఆకులకు చెక్కను రంపంతో కోయరు. గొడ్డలితో చీలుస్తారు. చీల్చితే చెక్క తన పోగు వెంట తానే విడిపోతుంది, ఆ ఆకు బరువుకు వంగుతుందే గాని విరగదు. ఆకు మొదట్లో చెక్కే కుసి బెజ్జం కంటే కొంచెం లావుగా ఉండాలి. సమ్మెటతో దిగగొట్టినప్పుడు అది నలుగుతూ లోపలికి పోయి, మళ్లీ బయటికి రాదు. దెబ్బ దెబ్బకూ మోత మారుతుంది. మొదట బోలుగా పలుకుతుంది, పోనుపోను గట్టిపడుతుంది. ఎక్కడ ఆపాలో చెవికే తెలుస్తుంది. ఆ వేళ ఇంట్లో ఎవరమూ గొంతు పెంచేవాళ్లం కాదు.

పూటీలు ఒక్కోటి రెండేసి ఆకుల్ని పట్టుకుంటుంది. పక్కపక్క పూటీలను చెక్క చీలతో కలుపుతారు. ఇక్కడ తెలియనివాళ్లకు తప్పుగా కనిపించే సంగతి ఒకటుంది. పూటీకీ పూటీకీ నడుమ సన్నటి సందు వదలాలి. ఆ సందు పట్టా కోసం. ముందే పూటీలన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉంటే, పట్టా బిగిసినప్పుడు ఆ బలం వాటి మధ్యే ఆగిపోతుంది. ఆకుల మీదికి, అక్కడి నుంచి కుండ మీదికి దిగదు. సందు ఉంటే పట్టా పూటీల్ని లోపలికి నెడుతుంది, పూటీలు ఆకుల్ని నెడతాయి, ఆకులు కుండలోకి ఇంకా దిగుతాయి. చక్రం మొత్తం ఒకే చెక్క అయిపోతుంది.

ఈ కూర్పు ఇక్కడ పాతదే. జగ్గయ్యపేట బౌద్ధ స్తూపం దగ్గర దొరికిన చక్రవర్తి శిల్పం చెన్నై మ్యూజియంలో ఉంది. రెండు వేల ఏళ్ల నాటిది. రాజు పక్కన స్తంభం మీద చక్రరత్నం ఉంటుంది, ఆకులతో సహా. దాన్ని చెక్కిన శిల్పికి కుండ, ఆకు, అంచు ఎట్లా కలుస్తాయో చూపించిన వడ్రంగి ఈ నేల మీద అప్పటికే ఉండి ఉంటాడని నేననుకుంటాను.

ఇక పట్టా వేయడం కమ్మరం. అది మా పెదనాన్నది. అన్నదమ్ములిద్దరూ ఒకరు చెక్క, ఒకరు ఇనుము పంచుకున్నారు. చక్రానికి సుద్దతో గుర్తు పెట్టి నేల మీద పరిచిన ఇనప బద్దీ వెంట ఒక చుట్టు దొర్లిస్తారు. 5 అడుగుల ఎత్తు చక్రమైతే ఒక చుట్టుకు 188 అంగుళాల పైచిలుకు వస్తుంది. బద్దీని అంతకంటే అంగుళం లోపు తక్కువగా కోసి, గుండ్రంగా వంచి, కొలిమిలో రెండు కొసలూ కాల్చి, దాగలి మీద సమ్మెటతో అతుకుతారు. చక్రం కంటే చిన్న పట్టా చక్రానికెట్లా ఎక్కుతుంది? వేడికి ఎక్కుతుంది. ఇనుము ఒక్కో సెల్సియస్ డిగ్రీకి తన పొడవులో పది లక్షల వంతుల్లో 12 వంతులు సాగుతుంది. 500 డిగ్రీలు వేడెక్కితే ఈ పట్టా అంగుళానికి పైగా పెరుగుతుంది. ఎక్కడానికి చోటు దొరుకుతుంది. చల్లారితే తిరిగి తన కొలతకు రావాలని చూస్తుంది, చెక్క అడ్డముంటుంది. ఆ పెనుగులాటే చక్రాన్ని బిగించి ఉంచేది.

పట్టా కాల్చే రోజున ఇంటిల్లిపాదీ ఉండాలి. పని తెల్లవారుజామున మొదలయ్యేది. ఇనుము ఏ ఎరుపుకొచ్చిందో మసక చీకట్లోనే బాగా తెలుస్తుంది. పట్టాను నేల మీద పరిచి, కిందా పైనా పిడకలు పేర్చి నిప్పు పెట్టేవాళ్లు. పిడకలు కొట్టేది, ఆరేసేది, దాచేది అమ్మ. అవతల చక్రాన్ని వెల్లకిలా పడుకోబెట్టి, కుండ దిగేటట్టు గుంట తీసి ఉంచేవాళ్లు. పట్టా మసక ఎరుపుకు రాగానే నాన్న, పెదనాన్న, ఇంకో ఇద్దరు పొడుగు పట్టకార్లతో నాలుగు వైపులా పట్టి ఒక్కసారే లేపి చక్రం మీద దించేవాళ్లు. చెక్కకు మంట అంటుకుంటుంది. ఎక్కని చోట సమ్మెటతో రెండు దెబ్బలు. అప్పుడు నీళ్లు. అమ్మ, అక్కయ్యలు బిందెలతో సిద్ధంగా ఉండి చుట్టూ తిరుగుతూ పోసేవాళ్లు, ఒకేచోట పోయకుండా. ఒక పక్కే చల్లారితే పట్టా అటు లాగి చక్రం వంకర తిరుగుతుంది. ఆవిరి మధ్య నుంచి చెక్క కీళ్లు బిగిసే చప్పుళ్లు వినపడేవి. పూటీల మధ్య సందులు కళ్ల ముందే మూసుకుపోయేవి.

నీళ్లు పోయడం అయిపోగానే నాన్న చక్రం వంక చూసేవాడు కాదు. ముందు అక్కయ్యల వైపు తిరిగి, “అమ్మా, చేతులు కాలలేదు గదా?” అని అడిగేవాడు. వాళ్లు చేతులు చూపించాకే చక్రం దగ్గరికి వెళ్లేవాడు.

తర్వాత కుండలో ఇనప గొట్టం దించడం, ఇరుసుకు ఎక్కించడం, కడచీల వేయడం. కందెన కూడా ఇంట్లోదే, గడ్డి కాల్చిన మసి ఆముదంలో కలిపి. చివర చక్రాన్ని గాల్లోకి లేపి తిప్పేవాడు. దానంతట అది ఆగేదాకా చేతిని అంచు పక్కన ఆనీ ఆనకుండా ఉంచేవాడు. ఎక్కడా వేలికి తగలకపోతే ఆ జత రైతుది.

అమావాస్యకు మా వృత్తివాళ్లు పని పెట్టుకోరు. ఆ రోజు నాన్న మాది. ఉలులు నూరుకోవడం అయ్యాక మమ్మల్ని మునేరుకు తీసుకెళ్లేవాడు, తలంట్లు తానే పోసేవాడు, అమ్మను పొయ్యి దగ్గర నుంచి లేపి ఆ పూట వంకాయ కూర తాను వండేవాడు. ఊళ్లో మగవాళ్లు వంటింట్లోకి రాని రోజుల్లో ఇది నలుగురూ చెప్పుకునే సంగతి. ఆయన పట్టించుకోలేదు.

డన్లప్ బండ్లు వచ్చాయి, వాటి వెనక ట్రాక్టర్లు వచ్చాయి. చెక్క చక్రాలకు పిలుపులు తగ్గాయి. నాన్న గుమ్మాలు చేశాడు, తలుపులు చేశాడు, పట్టె మంచాలు చేశాడు. అక్కయ్యల పెళ్లిళ్లు ఆ గుమ్మాల డబ్బుతోనే జరిగాయి, నా పాలిటెక్నిక్ ఫీజు కూడా. కానీ రెండేళ్లకోసారి పెనుగంచిప్రోలు గుడిలోని తిరుపతమ్మ తల్లి, గోపయ్య స్వాముల చెక్క విగ్రహాలు రంగులకు జగ్గయ్యపేట తరలే ఏడాదీ, పసుపు కుంకుమల బండ్లు కట్టే చిన్న తిరునాళ్లకూ, పాత చక్రాలు వెతుక్కుంటూ మా వాకిటికి రైతులు వచ్చేవాళ్లు. “ఆచారీ, పట్టా వదులైంది, ఒకసారి చూడు” అనేవాళ్లు. నాన్న వాటికి డబ్బులు అడగలేదు.

ఇలాంటి చేతివృత్తుల కోసం 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగమూ కమ్మరమూ ఉన్నాయి. పనిముట్లకు 15,000 రూపాయలు ఇస్తారు, శిక్షణ ఇస్తారు. మంచి పని. బండి చక్రం కొలతలు మాత్రం పథకం ఇవ్వలేదు, అవి చేసినవాళ్ల దగ్గరే ఉన్నాయి. మునేరు, వైరా ఒడ్డు ఊళ్లలో పట్టా కాల్చిన పెద్దవాళ్లు మీకు తెలిసి ఉంటే ఈ ఎండాకాలమే వెళ్లండి. చక్రం ఎత్తెంత, కుండ లావెంత, పట్టా ఎంత తక్కువ కోసేవారు, ఏ చెక్క ఎన్నాళ్లు ఊరేసేవారు, అన్నీ అడిగి రాసుకోండి. బిందెలు పట్టుకుని నిలబడ్డది ఎవరో కూడా అడగండి. కింద వాళ్లందరి పేర్లూ, ఊరూ రాయండి.