షెడ్డు ముఖం ఎటు వైపు?

డాలస్ శివార్లలో ఎకరం, రెండెకరాల స్థలంతో ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళకి గడ్డి కోసే ట్రాక్టరు, ట్రైలరు లాంటివి త్వరగానే సమకూరుతాయి. వాటికోసం మూడు వైపులా రేకులు కొట్టి, ఒక వైపు తెరిచి ఉంచిన షెడ్డు వేయిస్తారు. ఆ తెరిచిన వైపు ఎటు ఉండాలన్నది చాలాసార్లు డ్రైవ్‌వేని బట్టి నిర్ణయమైపోతుంది. అది తప్పితే కప్పు కింద ఉన్న యంత్రమే తుప్పు పడుతుంది. ఈ నెల ఈ చిక్కును డేటాతో ఎలా విప్పవచ్చో చూద్దాం.

ముందు చిన్న లెక్క. రెండు మిల్లీమీటర్ల చినుకు సెకనుకు సుమారు 6.5 మీటర్ల వేగంతో పడుతుంది. అంతే వేగంతో, అంటే గంటకు సుమారు 15 మైళ్ళతో, గాలి ఎదురుగా వీస్తే చినుకు 45 డిగ్రీల ఏటవాలుగా వస్తుంది. తెరిచిన వైపు ఎత్తు 8 అడుగులైతే జల్లు 8 అడుగులు లోపలికి కొడుతుంది. గాలి 30 మైళ్ళైతే 16 అడుగులు! షెడ్డు లోతు 12 అడుగులైతే లోపల పొడిచోటు మిగలదు. చూరు రెండడుగులు పెంచితే తగ్గేదీ రెండడుగులే. కాబట్టి దిక్కే ముఖ్యం.

అయోవా స్టేట్ యూనివర్సిటీ వారి అయోవా ఎన్విరాన్‌మెంటల్ మెసోనెట్ సైటులో మీ దగ్గరి విమానాశ్రయం వాతావరణ డేటా, విండ్ రోజ్ చిత్రం ఉచితంగా దొరుకుతాయి. అందులో దక్షిణం వైపు ఉన్న రేక, దక్షిణం నుంచి వచ్చే గాలిని చూపుతుందని గమనించండి.

అసలు మెలిక ఇక్కడే ఉంది. డాలస్‌లో ఏడాది మొత్తం చూస్తే దక్షిణపు గాలిదే పైచేయి. అది చూసి షెడ్డును ఉత్తరానికి తెరిస్తే, చలికాలపు ఉత్తరపు గాలి నేరుగా లోపలికి వస్తుంది. వసంతంలో ఉరుముల వానలు ఎక్కువగా పడమర, వాయవ్యాల నుంచి వస్తాయి. మనకు కావలసింది సగటు గాలి కాదు, వానతో వచ్చే గాలి. వేర్ క్లాజు రాసినట్టు, వాన పడి, గాలి 15 మైళ్ళు దాటిన గంటలను మాత్రమే వడకట్టి చూడండి. డాలస్ ప్రాంతంలో సాధారణంగా మిగిలేది తూర్పు. వాస్తు అనుకునేరు, ఇది గాలి లెక్క! పడమటి ఎండ కూడా తప్పుతుంది. మీ డేటా వేరే దిక్కు చెబితే దాన్నే అనుసరించండి.

తెరిచిన వైపు నుంచి దూరిన గాలి కప్పును లోపలి నుంచి పైకి తోస్తుంది, పైన వీచే గాలి లాగుతుంది. అందుకే స్తంభాలను కాంక్రీటులో పాతించి, కప్పును ఇనుప పట్టీలతో స్తంభాలకు బిగించాలి. నేలను నాలుగైదు అంగుళాలు ఎత్తు చేసి, కప్పు వాలు వెనక్కి ఉంచాలి. జనరేటరును షెడ్డులో భద్రపరచవచ్చు కానీ, అక్కడ నడపకూడదు. ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, ఆరుబయట నడపాలి.

కోస్తా ఆంధ్రలో నాన్నగారు ట్రాక్టరుకి షెడ్డు వేయిస్తున్నా పద్ధతి ఇదే. అక్కడ జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు. తుఫాను కదిలేకొద్దీ గాలి దిక్కు మారుతుంది కనుక అప్పుడు ఏ ముఖమైనా ఒకటే. కాపాడేది గట్టి బిగింపే.

వచ్చే నెల మరో అంశంతో కలుద్దాం.