నేత్రాకృతి - భేదమా, దోషమా? : ఒక పరిశీలనము

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో మీనాక్షి, కామాక్షి, విశాలాక్షి అను పేర్లు స్త్రీలకు వాడుకలో నున్నవి. మధుర, కంచి, కాశీ క్షేత్రములందలి దేవతల పేర్లివి. అయితే విశాలాక్షి యను పేరుగల కన్యకు కన్నులు చిన్నవైనచో పెండ్లిచూపులలో అదియొక లోపముగా నెంచువారు కలరు. కన్నుల ఆకృతిలోని తేడా భేదమాత్రమా, దోషమా అనునది విచారింపదగినది.

మొదట శబ్దమును చూతము. అమరకోశమునందలి పర్యాయములలో నయనము, నేత్రము అనునవి నడిపించుట యను అర్థముగల ధాతువు నుండియు, లోచనము, ఈక్షణము, దృష్టి అనునవి చూచుట యను అర్థముగల ధాతువుల నుండియు ఏర్పడినవి. కంటి పనియే వీనిచే చెప్పబడినది గాని ఆకృతి కాదు. మీనాక్షి వంటి సమాసములలో ఉపమానము వచ్చినను సాధారణధర్మము ఆకృతియే కానక్కరలేదు. చాంచల్యము కావచ్చును, రెప్పపాటు లేని చూపును కావచ్చును.

సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమున నేత్రమునకు పక్ష్మ, వర్త్మ, శ్వేత, కృష్ణ, దృష్టి అను 5 మండలములు చెప్పబడినవి. వర్త్మమనగా రెప్ప. నేత్రగోళమునకు కొలత ఎవరి బొటనవ్రేలిని బట్టి వారికే చెప్పబడినది. ఒకరి కంటిని మరియొకరి కొలతతో కొలువరాదను భావము ఇందు స్ఫురించును. ఆధునిక శారీరశాస్త్రమును బట్టి వయోజనుల నేత్రగోళవ్యాసము ఇంచుమించు 24 మిల్లీమీటర్లు, వ్యక్తిభేదము స్వల్పము. కావున చారెడు కన్ను, చిన్నకన్ను అను ప్రతీతికి ప్రధానకారణము గోళము కాదు, రెప్పల నడిమి తెరపి. కాటుకరేఖయు ఆ ప్రతీతిని మార్చగలదు.

విష్ణుధర్మోత్తరపురాణ తృతీయఖండమునందలి చిత్రసూత్రము 5 నేత్రాకృతులను యవలతో కొలిచి చెప్పినది. యోగమున నేలచూపు చూచువాని కన్ను చాపాకారము, 3 యవలు. భయరోదనములయందలి కన్ను పద్మపత్రము, 9 యవలు. ఇచ్చట ఆకృతి అవస్థను తెలుపుచున్నదే కాని కులశీలములను కాదు.

బృహత్సంహితలో వరాహమిహిరుడు స్త్రీపురుషలక్షణములు చెప్పెను గదా, కంటిని బట్టి గుణమును ఊహింపరాదా యని పూర్వపక్షము. హేతువునకు సాధ్యముతో వ్యాప్తి యుండవలెను. చిన్నకన్నులుగల సద్గుణవతులును, విశాలనేత్రలైన కఠినచిత్తలును లోకమున కానవచ్చుచుండగా ఆ హేతువు సవ్యభిచారము. దానివలన అనుమితి సిద్ధింపదు.

శిశువుల విషయమున ఈ విచారము మరింత ప్రయోజనకరము. ముక్కువైపు కంటికొనను సుశ్రుతుడు కనీనకసంధి యనెను. పెక్కుమంది పసిబిడ్డలలో దానిని చర్మపు మడత కొంత కప్పును. ఆ వైపు తెల్లగ్రుడ్డు మరుగుపడుటచే కన్నులు సరిగా నున్నను మెల్లకన్నువలె తోచును. ఇది శుక్తియందు రజతభ్రాంతి వంటిది. ముక్కుదూలము ఎదిగిన కొలది ఈ భ్రాంతి తొలగును. తూర్పు ఆసియా, ఈశాన్యభారత ప్రజలలో పెక్కుమందికి ఆ మడత పెద్దతనమునను సహజముగా నుండును. దానిని పట్టి పరిహసించుట అవివేకము.

దీనికి విపరీతమైన పొరపాటును కలదు. నిజమైన మెల్లకన్నును అదృష్టచిహ్నమని తలచి ఊరకుండువారు తెలుగునాట కలరు. అట్టి బిడ్డ మెదడు క్రమముగా ఆ కంటి చూపును విడిచిపెట్టును; చికిత్స ఆలస్యమైనచో చూపు నిలువదు. దీపకాంతి రెండు నల్లగ్రుడ్లపై ఒకే తావున మెరయుచున్నదా లేదా యని వైద్యులు మొదట పరీక్షింతురు. సందేహము కలిగినపుడు వారికి చూపుటయే కర్తవ్యము.

కావున రెప్పల తీరు భేదమే కాని దోషము కాదు. చూపు చెడుట దోషమే కాని అదృష్టము కాదు. కంటికి నేత్రమని పేరు వచ్చినది నడిపించుట చేతనే గనుక, బిడ్డ కన్నులు ఎంత పెద్దవి యనుటకంటె అవి చక్కగా చూచుచున్నవా యని అడుగుటయే శాస్త్రసమ్మతము.