నాన్న మడమల వెనక గడ్డలు

మాది తణుకు దగ్గర పల్లెటూరు. నాకు 25 ఏళ్లు. నాన్న 43 ఏళ్లకే గుండెపోటుతో పోయారు. ఆ రాత్రి ఛాతీ పట్టేసినట్టుందంటే గ్యాసేమోనని అమ్మ సోడా తెప్పించింది. తెల్లారేసరికి నాన్న లేరు. తాతయ్య కూడా యాభై చూడలేదు. తమ్ముడికి 21. సిగరెట్లు కాలుస్తాడు, ఈసీజీ నార్మల్ వచ్చిందని ధీమా. నాన్నకి మడమల వెనక గట్టి గడ్డలుండేవి, చెప్పుల పట్టీ ఒరుసుకునేది. ఇప్పుడు తమ్ముడికీ అలాగే కనిపిస్తున్నాయి. పరీక్షలు చేయించుకుందామంటే అమ్మ వద్దంటోంది. ‘నీకు సంబంధాలు చూస్తున్నాం, గుండెజబ్బుల వంశమని తెలిస్తే ఎవరొస్తారు? అయినా ఆడపిల్లవి, నీకేం కాదు’ అంటుంది. ఏం చేయమంటారు?
– ఓ అక్క

తల్లీ, ఆ గడ్డల మాట చదివి అక్కడే ఆగిపోయాను. మడమ పైన చేతికి తాడులా తగిలే స్నాయువులో కొలెస్ట్రాల్ పేరుకుంటే అలా గట్టిపడుతుంది. చూడకుండా ఇదేనని నేను తేల్చలేను. కానీ తాతయ్య, నాన్న, ఇప్పుడు తమ్ముడి కాళ్లు... వంశపారంపర్యంగా వచ్చే అధిక కొలెస్ట్రాల్‌ని అనుమానించి తీరాలి. ఇది సుమారు 250 మందిలో ఒకరికి ఉంటుంది. చెడు కొలెస్ట్రాల్‌ని రక్తంలోంచి లాగేసే పని కాలేయానిది. ఈ జబ్బున్నవాళ్లలో ఆ పని పుట్టినప్పటి నుంచే సరిగ్గా జరగదు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం, ఆడపిల్లైనా మగపిల్లాడైనా.

ఈసీజీ ఆ కాసేపు గుండె ఎలా పనిచేస్తోందో చూపిస్తుంది. నాళాల గోడల్లో చేరుతున్న కొవ్వును చూపించదు. కొరియా యుద్ధంలో చనిపోయిన 300 మంది అమెరికా సైనికుల గుండెల్ని డాక్టర్లు పరిశీలించి 1953లో ఫలితాలు ప్రకటించారు. వాళ్ల సగటు వయసు 22. నలుగురిలో ముగ్గురికి పైగా గుండె రక్తనాళాల్లో జబ్బు ఆనవాళ్లు కనిపించాయి. ఎక్కువమంది మీ తమ్ముడి ఈడు కుర్రాళ్లే. ఆ నాళాల మీద సిగరెట్ పొగ కూడా పడితే ఏమవుతుందో వాడికి నువ్వే చెప్పాలి. నీ మాటైతే వింటాడు.

ఇద్దరూ లిపిడ్ ప్రొఫైల్ చేయించుకోండి. దాంతోపాటు లైపోప్రోటీన్-ఎ కూడా; అది చాలామందికి జీవితంలో ఒక్కసారి చూస్తే చాలు. బీపీ, షుగరు ఎలాగూ చూస్తారు. ఎల్‌డీఎల్, అంటే ఆ చెడు కొలెస్ట్రాల్, 190 దాటితే ఆలస్యం చేయకుండా గుండె డాక్టరు దగ్గరికి వెళ్లండి, నాన్న సంగతి, గడ్డల సంగతి మీరే చెప్పండి. నూనె, వేపుళ్లు తగ్గించినంత మాత్రాన ఇది లొంగదు. స్టాటిన్ మాత్రలు వాడాల్సి రావచ్చు, చిన్న వయసులోనే మొదలుపెడితే ముప్పు బాగా తగ్గుతుంది. నీకు ఆ మాత్రలు రాస్తే, పెళ్లయ్యాక బిడ్డను కనాలనుకున్నప్పుడు ముందుగానే డాక్టరుకు చెప్పు. మామూలుగా ఆ సమయంలో ఆపిస్తారు.

ఇక అమ్మ. ఆవిడ భయం సంబంధాల గురించి మాత్రమే అని నాకనిపించడం లేదు. భర్త పోయిన రాత్రిని ఆవిడ ఇప్పటికీ మోస్తూ ఉండొచ్చు. ‘నీ తప్పేం లేదమ్మా, ఎవరైనా గ్యాసే అనుకుంటారు’ అని పక్కన కూర్చుని చెప్పు. ఎన్నిసార్లైనా చెప్పు. పరీక్షల మాట ఆ తర్వాత ఎత్తు. అప్పటికీ ఒప్పుకోకపోతే ఆగకు, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని నువ్వే వెళ్లు.

ఒక్కటి మాత్రం ఇవాళే ఇంట్లో అందరికీ చెప్పు. ఇకపై ఎవరికి ఛాతీ పట్టేసినా తెల్లారేదాకా చూడకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి.