తెలుగు దారిన టర్కీ భాష

టర్కీ భాష నేర్చుకుంటున్నానంటే హాస్టలు మిత్రులు నవ్వారు. "దానితో ఏ ఊళ్ళో ఉద్యోగమిస్తారోయ్?" అన్నాడొకడు. ఉద్యోగం సంగతి అటుంచి, నాకు దక్కిన లాభమొకటి ఇక్కడ మనవి చేస్తాను.

నేను పల్లెటూరి తెలుగు మీడియం వాణ్ణి. ఇంగ్లీషులో రాసిన టర్కీ వాచకం ముందేసుకుని నెలరోజులు తంటాలు పడ్డాను. ప్రతి వాక్యాన్నీ ఇంగ్లీషులోకి తిప్పేసరికి తల తిరిగేది. లోపం నా మీడియంలోనే ఉందనుకున్నాను. ఒకరాత్రి విసుగెత్తి, మాట కింద మాటగా తెలుగు రాసి చూశాను.

బెన్ ఎల్మా యెదిమ్ – నేను ఆపిల్ తిన్నాను.

కర్త, కర్మ, క్రియ: వరస మార్చే పనే లేదు! క్రియ చివరి 'మ్' మన 'ను' వంటిది. అందుచేత మనం 'నేను' వదిలేసినట్టే వాళ్ళూ 'బెన్' వదిలేస్తారు.

'గెల్ది' అంటే వచ్చాడు, 'గెల్ది మి?' అంటే వచ్చాడా? 'ద్యూన్ గెలెన్ ఆదమ్' అంటే నిన్న వచ్చిన మనిషి. ఇంగ్లీషులో అయితే మనిషిని ముందు చెప్పి, 'హూ' తగిలించి, రావడం తర్వాత చెప్పాలి. మనకా అవస్థ లేదు, వాళ్ళకూ లేదు.

ప్రత్యయాలూ మాట వెనకే చేరతాయి. ఎవ్ (ఇల్లు), ఎవ్‌లెర్ (ఇళ్ళు), ఎవ్‌లెర్‌దె (ఇళ్ళలో). ఈ ధైర్యంతో పుస్తకాలకు 'కితాప్‌లెర్' అని రాసి తప్పులో కాలేశాను. 'కితాప్‌లార్' అనాలి. మాటలోని చివరి అచ్చు ఎ, ఇ లాగా నాలుక ముందు భాగాన పలికేదైతే 'లెర్'. ఆ, ఒ, ఉ లాగా వెనక పలికేదైతే 'లార్'. ఈ అచ్చుల పొందిక జాడ మనకూ ఉంది: పిల్లికి అంటాం, చెట్టుకు అంటాం.

తేడాలూ లేకపోలేదు. 'గెల్ది' అంటే వచ్చాడనీ, వచ్చిందనీ కూడా. ఆడ, మగ భేదం సందర్భాన్నిబట్టి తెలుసుకోవలసిందే.

1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం ప్రచురించిన కాల్డ్వెల్, ఇటువంటి పోలికలు చూసే టర్కీ మొదలైన భాషలతో మనకు చుట్టరికం ఊహించాడు. నేటి భాషావేత్తలు దాన్ని ఒప్పుకోరు. పోలిక వాక్యనిర్మాణంలోదే, రక్తసంబంధం కాదు.

అయినా నాకు ఆ పోలికే చాలింది. తెలుగు మీడియమన్న చిన్నతనం ఆ రాత్రితో వదిలింది. మిత్రులారా, కొత్త భాష ఏది పట్టుకున్నా, ఇంగ్లీషులోకి తిప్పేముందు ఒక్కసారి తెలుగులో పెట్టి చూడండి.