రేపటి విశ్వవిద్యాలయానికి ముందుచూపు



దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు దిగగానే కోచింగ్ సెంటర్ల బోర్డులు కనిపిస్తాయి. ఏ కోర్సుకు గిరాకీ ఉంటే ఆ పేరే బోర్డు మీదికి ఎక్కుతుంది. బోర్డు మార్చడం ఒక్కరోజు పని. కానీ విశ్వవిద్యాలయం భవనం కట్టి, అధ్యాపకులను నియమించాక దశాబ్దాల పాటు ఆ నిర్ణయంతోనే నడవాలి. అందుకే దాని ప్రణాళికకు ముందుచూపు కావాలి.

ముందుచూపు అంటే జోస్యం కాదు. జోస్యం ఒకే భవిష్యత్తును చెబుతుంది. ముందుచూపు రెండు మూడు భవిష్యత్తులను ఊహించి, దేనికైనా సిద్ధపడమంటుంది. 1970ల ఆరంభంలో షెల్ చమురు కంపెనీలో పియరీ వాక్ బృందం ఇలాగే ఆలోచించింది. 1973లో చమురు సంక్షోభం వచ్చినప్పుడు ఆ ఆలోచనే కంపెనీకి అక్కరకొచ్చింది.

మన అనుభవం వేరు. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్ విస్తరించింది. మనలాంటి ఎందరికో ఇంజనీరింగ్ తలుపు తెరుచుకుంది. అయితే గిరాకీ ఎప్పటికీ ఇలాగే ఉంటుందనుకుని కాలేజీలు పుట్టుకొచ్చాయి. కొన్నేళ్లకే సీట్లు మిగిలాయి, అనేక కాలేజీలు మూతపడ్డాయి. పథకం తప్పు కాదు, ఒకే భవిష్యత్తును నమ్మడం తప్పు.

ఇప్పుడు ఎలా ఆలోచించాలి?

1. సూచనలు గమనించాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఒక్కో స్త్రీకి సగటు సంతానం 1.8 మాత్రమే. నేటి శిశువులే పద్దెనిమిదేళ్ల తరువాతి విద్యార్థులు. మరోవైపు 2020 జాతీయ విద్యావిధానం ఉన్నత విద్యలో చేరికను 2035 నాటికి 50 శాతానికి చేర్చాలంటోంది. 2018లో మెట్రో ఎల్బీనగర్ చేరింది. దూరపు కాలేజీ దగ్గరైంది.

2. భిన్న భవిష్యత్తులు రాసుకోవాలి. విద్యార్థులు పెరిగితే? తగ్గితే? నిధులు ఆలస్యమైతే?

3. అన్నింటిలోనూ పనికొచ్చే నిర్ణయం ముందు తీసుకోవాలి. ఒకే కోర్సుకు కట్టిన భవనం ఖాళీ పడవచ్చు. మంచి గ్రంథాలయం, పునాది పాఠాలు చెప్పే శాశ్వత అధ్యాపకులు, హాస్టల్ గదులు ఎప్పుడూ వృథా కావు.

4. మూడేళ్లకోసారి సరిచూసుకోవాలి.

ఇదంతా మనకెందుకు అనుకోవద్దు. ప్రణాళిక తప్పితే డబ్బున్నవాడు మరో కాలేజీకి పోతాడు. ఫీజు రాలేదని సర్టిఫికెట్లు ఆపితే ఆగిపోయేది హాస్టల్ విద్యార్థి. కాబట్టి ప్రణాళిక చర్చల్లో మన హాస్టళ్ల మాట కూడా వినిపించాలి. ఇల్లు కాలుతుంటే బావి తవ్వి లాభం లేదు.

అభ్యాసం: మీ కోర్సుకు పదేళ్ల తరువాత మూడు భవిష్యత్తులు రాయండి. మూడింటిలోనూ పనికొచ్చే నైపుణ్యం ఏదో గుర్తించి, ఈ వేసవిలోనే మొదలుపెట్టండి.